నిసార్ గురించి బెజవాడలో తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఉండేది సత్యనారాయణపురంలో. 2025 జులై 30 సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు శ్రీహరికోటలో నిసార్ ఉపగ్రహాన్ని మోసుకుని జీఎస్ఎల్వీ ఎఫ్16 రాకెట్ లేచినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఒకరింటి టీవీ ముందు పదిమందిమి చేరాం. రాకెట్ తెర మీద చుక్కైపోగానే ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంకా ఆగలేదు. పాల ప్యాకెట్ తెచ్చుకునే చోట ఒకటి, పెళ్ళి భోజనాల బంతిలో ఒకటి, గుంటూరు బస్సులో ఒకటి. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉన్నాయి.

నిసార్ అంటే ఏమిటండీ? నాకు "నిస్సారం" అన్నట్టు వినిపించింది.

మీకొక్కరికే కాదు, మా ఆవిడకూ అలాగే వినిపించింది. నాసా, ఇస్రో, సింథటిక్ అపెర్చర్ రాడార్ అనే మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, మన ఇస్రో కలిసి తయారుచేసిన ఉపగ్రహం. బరువు 2,392 కిలోలు. నేలకు 747 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతూ, భూమి మీద నేల, మంచు, అడవి, పంట ఎలా మారుతున్నాయో కొలవడం దీని పని. "కొలవడం" అన్న మాట గుర్తుపెట్టుకోండి. కింద వచ్చే సగం ప్రశ్నలకు జవాబు ఆ మాటలోనే ఉంది.

ఫోటోలు తీసే శాటిలైట్లు మనకు బోలెడున్నాయిగా. మళ్ళీ ఇదెందుకు?

అవి కెమెరాలు. ఎండ ఉండాలి, ఆకాశం తేటగా ఉండాలి. మనకు ఉపగ్రహం బొమ్మ అత్యవసరమయ్యేది ఎప్పుడు? తుపానులో, వరదలో. అప్పుడు పైనంతా మబ్బే. కెమెరా ఉపగ్రహానికి దూదిపరుపు తప్ప ఇంకేం కనిపించదు.

నిసార్ వెలుతురు కోసం ఎదురుచూడదు. తనే రేడియో తరంగాలను కిందికి పంపి, నేలను తాకి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. బావిలోకి వంగి కేక వేస్తే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చెవికి అందినట్టే. పగలైనా రాత్రైనా, మబ్బైనా పొగైనా దానికి ఒకటే.

రాడార్ ఉపగ్రహాలు మనకు కొత్త కాదు. 2022 ఫిబ్రవరి 14న పంపిన ఈఓఎస్-04 కూడా రాడారే. నిసార్‌లో కొత్త ఏమిటంటే ఒకే ఒంటి మీద రెండు రకాల రాడార్లు. ఇలా రెండు పౌనఃపున్యాల రాడార్లతో భూమిని చూసే ఉపగ్రహం ఇదే మొదటిది.

రెండు రాడార్లు ఎందుకు? ఒకటి పాడైతే ఇంకొకటి పనికొస్తుందనా?

కాదు, రెండింటి చూపు వేరు. నాసా ఇచ్చిన ఎల్ బ్యాండ్ రాడార్ తరంగం పొడవు 24 సెంటీమీటర్లు, అంటే జానెడు. ఇస్రో ఇచ్చిన ఎస్ బ్యాండ్ తరంగం తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు, అంటే బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. తరంగం తన కొలతకు దగ్గరగా ఉన్న వస్తువుల మీదే గట్టిగా తిరిగి కొడుతుంది, తనకంటే బాగా చిన్నవాటిని పట్టించుకోదు. జానెడు తరంగం మామిడి ఆకుల్లోంచి దూరిపోయి కొమ్మల్ని, మానును, కింది నేలను తాకి వస్తుంది. బెత్తెడు తరంగం అంత లోపలికి పోదు, పైరు మీద, పొదల మీద ఆగుతుంది. అడవిలో కలప ఎంత ఉందో తెలియాలంటే మొదటిది, పొలంలో పైరు ఎలా ఎదుగుతోందో తెలియాలంటే రెండోది ఎక్కువగా పనికొస్తాయి.

ఆ "సింథటిక్ అపెర్చర్" అంటే అర్థం కాలేదు మాస్టారూ.

క్లాసులో అయితే బోర్డు నిండా బొమ్మలు వేసేవాణ్ణి. ఇక్కడ మాటల్లోనే చెప్తాను.

రాడార్ బొమ్మ స్పష్టంగా రావాలంటే యాంటెన్నా పెద్దదిగా ఉండాలి. అంత ఎత్తు నుంచి పది మీటర్ల వివరం కావాలంటే సుమారు 19 కిలోమీటర్ల పొడవున్న యాంటెన్నా కావాలి. విజయవాడ నుంచి గుంటూరు దారిలో సగం పైమాట. అంత ఇనుము ఆకాశంలోకి ఎవరు మోస్తారు? అందుకని చిన్న యాంటెన్నానే పెట్టి, ఉపగ్రహం ముందుకు పోతున్నకొద్దీ ఒక్కో చోటి నుంచి విన్న ప్రతిధ్వనులన్నీ దాచి, తర్వాత కంప్యూటర్‌లో కలుపుతారు. అన్నీ కలిసి ఒక మహా యాంటెన్నా విన్నట్టు తయారవుతాయి. ఆ లేని పెద్ద యాంటెన్నాకే ఆ పేరు.

"చిన్న" అన్నానని తేలిగ్గా తీసుకోకండి. గొడుగులా విచ్చుకునే నిసార్ యాంటెన్నా 12 మీటర్ల వెడల్పు, మన ఆర్టీసీ బస్సు పొడవంత. బంగారు పూత పూసిన సన్నని తీగల వల అది. మడిచి, కట్టగట్టి పంపారు. ఆగస్టు 9న దాన్ని పట్టుకున్న తొమ్మిది మీటర్ల చెయ్యి చాపడం మొదలుపెట్టి, ఆగస్టు 15న గొడుగు విప్పారు. ఆ వారం నాకు కాస్త టెన్షన్‌గానే గడిచింది. రాకెట్ పేలితే అందరికీ తెలుస్తుంది. గొడుగు సగం విచ్చి ఆగిపోతే మాత్రం ఒక మూల వార్తగా వచ్చి పోతుంది, నష్టం రెండింటికీ ఒకటే.

సెంటీమీటరు కదలికను కూడా పట్టేస్తుందని టీవీలో అన్నారు. 747 కిలోమీటర్ల మీద నుంచి సెంటీమీటరా? నమ్మమంటారా?

నమ్మండి. నన్నడిగితే ఈ ఉపగ్రహం గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

గోడ గడియారం ఒకటి ఊహించుకోండి. దానికి ముల్లు ఒక్కటే. జానెడు తరంగం ఒక పూర్తి అల ముందుకు కదిలితే ముల్లు ఒక చుట్టు తిరిగిందనుకుందాం. తరంగం నేలకు పోయి తిరిగొచ్చేసరికి ముల్లు కొన్ని లక్షల చుట్లు తిరిగి ఎక్కడో ఆగుతుంది, మూడు దగ్గర అనుకోండి. ఉపగ్రహం ఆ "మూడు"ను రాసుకుంటుంది. 12 రోజుల తర్వాత సరిగ్గా అదే దారిలో వచ్చి మళ్ళీ చూస్తుంది. ఈలోగా అక్కడి నేల ఉపగ్రహానికి ఒక్క సెంటీమీటరు దూరం జరిగిందనుకుందాం. తరంగానికి పోయేటప్పుడు ఒక సెంటీమీటరు, వచ్చేటప్పుడు ఒకటి, మొత్తం రెండు సెంటీమీటర్లు ఎక్కువ నడక. 24లో రెండు అంటే పన్నెండో వంతు. ముల్లు ఇప్పుడు నాలుగు దగ్గర ఆగుతుంది. గడియారం చూసి మూడుకీ నాలుగుకీ తేడా మనం చెప్పలేమా? అంతే.

అంటే నిసార్ సెంటీమీటరును "చూడదు". అది చూసే చుక్క ఒక్కొక్కటీ మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ చుక్క మొత్తంగా ఎంత జరిగిందో ముల్లును బట్టి లెక్క కడుతుంది. ఒక్కసారి తీసిన బొమ్మలో ఈ సంగతి ఉండదు, రెండు సార్ల తేడాలో ఉంటుంది. మొదటి నెల నుంచే అద్భుతాలు చెప్పాలని దీన్ని అడగడం, పెట్టిన మర్నాడే ఆవకాయ ఊరలేదనడం లాంటిది.

ఇందులో చిక్కులూ ఉన్నాయి. ఉపగ్రహం నిట్టనిలువుగా కాక ఏటవాలుగా చూస్తుంది కాబట్టి, కిందికి కుంగిన నేల, పక్కకు జరిగిన నేల వేరుచేయడానికి ఇంకొన్ని లెక్కలు కావాలి. మన ఊరి ఉక్కపోత మరో చిక్కు. గాలిలో తేమ ఎక్కువైతే తరంగం కొంచెం ఆలస్యంగా తిరిగొస్తుంది, నేల జరిగిందేమోనన్న భ్రమ పుడుతుంది. చాలా రోజుల బొమ్మలు కలిపి చూస్తే కానీ అది తేలదు. రెండు బొమ్మల మధ్య పొలం దున్నినా, పైరు కోసినా ముల్లు లెక్క చెదిరిపోతుంది. రాళ్ళు, కట్టడాలు, రోడ్లు ఉన్నచోట లెక్క గట్టిగా నిలుస్తుంది.

మా ఇల్లు కనిపిస్తుందా? మా డాబా మీద ఎవరున్నారో తెలిసిపోతుందా?

తెలియదు. నిసార్ బొమ్మలో ఒక్కో చుక్క, వాడే పద్ధతిని బట్టి, మూడు నుంచి పది మీటర్లు. మీ ఇల్లు ఒకటో రెండో చుక్కలు. మనుషులు, స్కూటర్లు, నంబర్ ప్లేట్లు ఏవీ ఉండవు. బొమ్మ నలుపు తెలుపుల్లో ఇసుక జల్లినట్టు ఉంటుంది, రంగులు మనం తర్వాత వేసుకున్నవి. ఫోన్ మ్యాపుల్లో మీ మామిడి చెట్టు కనిపించేది వేరే ఉపగ్రహాల, విమానాల కెమెరాల పుణ్యం.

గూఢచారి ఉపగ్రహమా అని కూడా అడుగుతున్నారు. దీని డేటా ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. అందరికీ పంచిపెట్టే గూఢచారిని నేనైతే ఎక్కడా వినలేదు.

బుడమేరు మళ్ళీ పొంగితే ముందే చెబుతుందా?

అన్నిటికంటే ఎక్కువ మంది అడిగింది ఇదే. ఎందుకడుగుతున్నారో బెజవాడలో ఎవరికీ వివరించక్కర్లేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 రోజుల వానలకు బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. మా చెల్లెలు వాళ్ళది సింగ్‌నగర్. "మీ వీధి దాకా రావు లెండి" అని ఎవరో ఫోన్లో ధైర్యం చెప్పారట. తెల్లారేసరికి కింది వాటా మునిగింది. నాలుగు రోజులు పై వాటాలో బిస్కెట్ ప్యాకెట్లతో గడిపారు.

ఇప్పుడు జవాబు. ముందే చెప్పదు. వానను చెప్పేది వాతావరణ శాఖ, వాగులో నీటిమట్టం చెప్పేది గేజీ. నిసార్ ఒక చోటికి 12 రోజుల్లో రెండుసార్లు వస్తుంది, ఒకసారి ఉత్తరానికి పోతూ, ఒకసారి దక్షిణానికి పోతూ. వరద ఉధృతంగా ఉన్న గంటకే అది మన నెత్తిన ఉండాలని రూలేం లేదు. ఉంటే మన అదృష్టం. విపత్తు సమయాల్లో బొమ్మలను కొన్ని గంటల్లోనే అందించే ఏర్పాటు మాత్రం ఉంది.

అది పైన ఉన్న రోజున చేసే మేలు పెద్దది. నిలిచిన నీరు అద్దంలా నున్నగా ఉంటుంది, ఏటవాలుగా వచ్చిన తరంగాన్ని అటువైపుకే జార్చేస్తుంది, తిరిగి పంపదు. అందుకే రాడార్ బొమ్మలో నీళ్ళు నల్లగా కనిపిస్తాయి. మబ్బు కింద ఏ పొలం మునిగిందో, ఏ రోడ్డు తేలి ఉందో గీత గీసినట్టు తెలుస్తుంది. కాలనీల్లో మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. వీధిలోని నీళ్ళ మీద పడిన తరంగం పక్క గోడకు తగిలి మళ్ళీ ఉపగ్రహానికే వెళుతుంది, అప్పుడు మునిగిన వీధి నల్లగా కాక మరింత తెల్లగా మెరుస్తుంది. ముందటి బొమ్మతో పోల్చి చూసుకోకపోతే నిపుణుడైనా పొరబడే చోటు ఇది. సింగ్‌నగర్ లాంటి ఇరుకు వీధుల విషయంలో నేను ఉపగ్రహం కంటే గేజీనే నమ్ముతాను.

నా దృష్టిలో అసలు లాభం వరద లేని రోజుల్లో ఉంది. గట్టు ఏ చోట ఏటా కాస్త కాస్త కుంగుతోంది, ఏ మురుగు దారి పూడి కాలనీ అయిపోయింది అన్నవి ఏళ్ళ తరబడి బొమ్మల వరుసలో బయటపడతాయి. చూసేవాళ్ళు చూస్తే.

కొండ మీద రాళ్ళు జారిపడే ముందు పట్టుకోగలదా? మాది చిట్టినగర్ కొండవార ఇల్లు.

సగం సగం. మట్టి నెమ్మదిగా జారుతున్న వాలును పట్టగలదు, నెలల తరబడి గడియారం ముల్లు ఒకే వైపు జరుగుతూ ఉంటే అనుమానించవచ్చు. కానీ ఇంద్రకీలాద్రి రాళ్ళు అలా చెప్పి జారవు. పగుళ్ళలోకి వాన నీరు దిగి, ఒక బండ ఒక్కసారిగా ఊడి పడుతుంది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయింది కూడా కుండపోత వానలోనే. గట్టి వాన పడిన రాత్రి ఉపగ్రహాన్ని తలచుకుని పడుకోకండి, ఇల్లు ఖాళీ చేసి చుట్టాలింటికి వెళ్ళండి.

మాది గుంటూరు దగ్గర ఊరు. మిర్చి, పత్తి వేస్తాం. మాకేం ఒరుగుతుంది?

నేరుగా మీ చేనుకు ఇప్పుడే ఏమీ ఒరగదు. ఆ మాట ముందు చెప్పకపోతే మీరు తర్వాత నన్ను తిడతారు.

ఏ మండలంలో ఎంత విస్తీర్ణంలో ఏ పైరు ఉంది, ఎక్కడ నాటు ఆలస్యమైంది, తుపాను తర్వాత ఎంత చేను పడిపోయింది అన్న లెక్కలకు ఇది బాగా పనికొస్తుంది. మబ్బుల వల్ల ఖరీఫ్‌లో కెమెరా ఉపగ్రహాలు వదిలేసే వారాలను ఇది వదలదు. నేల పైపొరలోని తేమను కూడా అంచనా కడుతుంది, కానీ ఆ లెక్క సుమారు 200 మీటర్ల గడులుగా వస్తుంది. ఒక గడి అంటే దాదాపు పది ఎకరాలు. మీది రెండెకరాల కమతమైతే పక్కవాళ్ళ తడితో మీ తడి కలిసిపోతుంది.

పురుగును చూడలేదు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని పీల్చి పిప్పి చేసినప్పుడు పూతలోకి తొంగి చూసిన రైతు కళ్ళకే అది కనిపించింది. యార్డులో ధర ఎంత పలుకుతుందో అంతకంటే చెప్పలేదు. బస్సులో ఈ మాట అంటే పక్క సీటు పెద్దాయన, "మరి అది చెప్పే శాటిలైట్ ఎప్పుడు పంపుతారు?" అన్నాడు.

డెల్టా కుంగిపోతోందంటున్నారు. నిజమా?

డెల్టా అంటేనే నది తెచ్చి పోసిన ఒండ్రు. ఆ మట్టి తన బరువుకు తనే కొద్దికొద్దిగా అణుగుతూ ఉంటుంది. పూర్వం ఏటా వరద కొత్త ఒండ్రు తెచ్చి ఆ లోటు పూడ్చేది. పైన ఆనకట్టలు కట్టాక ఒండ్రులో చాలా భాగం జలాశయాల్లోనే ఆగిపోతోంది. దానికితోడు భూగర్భజలం లాగేస్తే నేల ఇంకా అణుగుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల గురించి శాస్త్రజ్ఞులు ఆందోళన పడుతున్నది ఇందుకే. ఏ ఊళ్ళో ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు అన్నది ఊరూరా కొలవడానికి నిసార్ లాంటిది కావాలి. అవనిగడ్డ, నాగాయలంక వైపు చుట్టాలున్నవాళ్ళు ఈ ఫలితాల కోసం కనిపెట్టుకుని ఉండండి.

మన నల్లరేగడి ఇందులో ఒక తమాషా చేస్తుంది. వేసవిలో ఎండి కాలు దిగేంత నెర్రెలు విచ్చుతుంది, వానలకు ఉబ్బుతుంది. అంటే నేల ఏటా లేస్తుంది, దిగుతుంది. మే నెల బొమ్మనూ సెప్టెంబరు బొమ్మనూ పోల్చి "పల్నాడు పైకి లేచింది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

డెల్టా మాట వచ్చింది కాబట్టి ఒక తీపి కబురు. ఇస్రో ఎస్ బ్యాండ్ రాడార్ తీసిన తొలి బొమ్మ ఎక్కడిదో తెలుసా? మన గోదావరి డెల్టాది. 2025 ఆగస్టు 19న తీసింది, అంటే గొడుగు విప్పిన నాలుగో రోజున. నవంబరులో విడుదల చేశారు. మడ అడవులు, పొలాలు, పోక తోటలు, చేపల చెరువులు దేనికదే విడివిడిగా తెలుస్తున్నాయి. మా అత్తగారిది కోనసీమ. ఆ బొమ్మ పెద్దది చేసి చూపిస్తే "మా ఊరు ఏదిరా ఇందులో" అని కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికింది.

భూకంపం వచ్చేముందు హెచ్చరిస్తుందా?

లేదు. అది చెప్పగల యంత్రం ప్రపంచంలో ఇంకా లేదు. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చి విజయవాడలో కూడా మంచాలు ఊగాయి కదా, అలాంటిదాన్ని ముందుగా పసిగట్టడం నిసార్ వల్ల కాదు. హిమాలయాల్లాంటి చోట నేలలో ఏళ్ళ తరబడి పేరుకుపోతున్న ఒత్తిడిని, భూకంపం తర్వాత ఎక్కడెక్కడ నేల ఎంత జరిగిందో అన్నదాన్ని చూపిస్తుంది.

అమెరికావాళ్ళకు ఇంత డబ్బు, ఇంత తెలివి ఉండగా మనతో ఎందుకు కలిశారు? మనం చేసిందేమిటి?

డబ్బు దగ్గర మొదలుపెడదాం. మొత్తం ఖర్చు సుమారు 150 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం నాసాది. మన వాటా 788 కోట్ల రూపాయలు. "వాళ్ళు పదిహేను రూపాయలు పెడితే మనం ఒక రూపాయి పెట్టి భాగస్వాములమయ్యామా" అని మా బావమరిది వెటకారం. ఆ లెక్క అలా చూడకూడదు, అక్కడి జీతాలు వేరు, ఇక్కడివి వేరు.

పని పంచుకున్న తీరు ఇది. ఎల్ బ్యాండ్ రాడార్, పెద్ద గొడుగు, దాని చెయ్యి, డేటా దాచే రికార్డర్ నాసావి. వాటిని కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ చూసుకుంది. ఎస్ బ్యాండ్ రాడార్ అహ్మదాబాద్‌లోని మన స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ చేసింది. ఉపగ్రహం ఒళ్ళు, రాకెట్, ప్రయోగం, కక్ష్యలో నడపడం ఇస్రోవి. మన రాడార్ 2021లో అమెరికా వెళ్ళి అక్కడ వాళ్ళ రాడార్‌తో జతపడింది. రెండూ కలిసి 2023 మార్చిలో అమెరికా వాయుసేన సీ-17 విమానంలో బెంగళూరు వచ్చాయి.

ఇక చరిత్ర. 1963 నవంబరు 21న తుంబా నుంచి ఎగిరిన మొదటి రాకెట్ అమెరికా ఇచ్చిందే. కానీ 1992లో అదే అమెరికా, రష్యా నుంచి మనం క్రయోజెనిక్ ఇంజిన్ల (అతిచల్లని ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజిన్ల) పరిజ్ఞానం తెచ్చుకోకుండా అడ్డుపడి, ఇస్రో మీద ఆంక్షలు పెట్టింది. రష్యా తయారైన ఇంజిన్లు ఇచ్చింది కానీ విద్య ఇవ్వలేదు. మనవాళ్ళు ఇరవై ఏళ్ళు కిందా మీదా పడి సొంత ఇంజిన్ చేసుకున్నారు. 2014 జనవరి 5న అది జీఎస్ఎల్వీని విజయవంతంగా మోసింది. అదే ఏడాది సెప్టెంబరు 30న టొరంటోలో నాసా అధిపతి చార్లెస్ బోల్డెన్, ఇస్రో ఛైర్మన్ కె. రాధాకృష్ణన్ నిసార్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. వద్దన్న ఇంజిన్ జాతిదే చివరికి నాసావాళ్ళ కోట్ల డాలర్ల రాడార్‌ను పైకి మోసింది. ఆ సాయంత్రం టీవీ ముందు చప్పట్లు కొట్టిన పదిమందిలో ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. మేమిద్దరం కొంచెం ఎక్కువసేపు కొట్టాం.

2024లో పోవాల్సింది ఏడాది ఎందుకు ఆగింది?

గొడుగు మడత మీద ఉన్నప్పుడు ఎండవేడికి అనుకున్నదానికంటే ఎక్కువ కాగవచ్చని పరీక్షల్లో తేలింది. దాన్ని మళ్ళీ కాలిఫోర్నియా పంపి, వేడిని తిప్పికొట్టే పూత వేయించి, అక్టోబరులో తిరిగి బెంగళూరు తెచ్చారు. పైకి పోయాక రిపేరుకు మెకానిక్ దొరకడు కాబట్టి ఆ ఏడాది వృథా కాదు.

రోజూ మన మీదుగా పోతుందా? ఎన్నేళ్ళు ఉంటుంది?

భూమి చుట్టూ 12 రోజుల్లో 173 సార్లు తిరిగి మళ్ళీ మొదటి దారికి వస్తుంది. ఒక్కో పోకడలో చూసే పట్టీ వెడల్పు 240 కిలోమీటర్ల పైన, అంటే గాలి దారిలో ఇక్కణ్ణుంచి దాదాపు హైదరాబాద్ దాకా. మన మీదుగా వచ్చే రోజున ఉదయం ఆరు ప్రాంతంలోనో, సాయంత్రం ఆరు ప్రాంతంలోనో వస్తుంది. నాసా తన పనికి మూడేళ్ళు, ఇస్రో అయిదేళ్ళు అనుకున్నాయి.

పైనుంచి రేడియేషన్ పడుతుందని వాట్సాప్‌లో వచ్చింది. గర్భిణులు జాగ్రత్తపడాలా?

అక్కర్లేదు. ఇవి మీ ఫోన్, వైఫై వాడే జాతి తరంగాలే. 747 కిలోమీటర్లు దాటి వచ్చేసరికి మీ జేబులోని ఫోన్‌తో పోలిస్తే లెక్కలోకి రానంత పలచబడతాయి. ఆ మెసేజ్ పంపినాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నాతో వాదించాడు.

డేటా మాకూ ఇస్తారా? ఎక్కడ?

ఇస్తారు, పైసా అక్కర్లేదు. ఇస్రో డేటా హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ నడిపే భూనిధి పోర్టల్‌లో, నాసాది అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ వెబ్‌సైట్‌లో. పేరు నమోదు చేసుకుంటే చాలు. ఫైళ్ళు జీబీల్లో ఉంటాయి కాబట్టి ఫోన్ డేటాతో మొదలుపెట్టకండి. చూడటానికి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, ముల్లు లెక్కలు కట్టడానికి ఇంకా నేర్చుకోవాలి. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు చెబుతుంది. సివిల్, జియాలజీ, అగ్రికల్చర్ పిల్లలు ఎవరైనా చేరవచ్చు. అన్నిటికీ ఎంపీసీ, కంప్యూటర్ సైన్సే దారి అనుకునే తల్లిదండ్రులకు ఈ వాక్యం చదివి వినిపించండి.

మాస్టారూ, మా డాబా మీద రేకు పెడితే ఉపగ్రహానికి మెరుస్తూ కనిపిస్తామా?

తొమ్మిదో తరగతి కుర్రాడి ప్రశ్న. ఇన్ని ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే. కనిపిస్తారు. మామూలు రేకు కాదు, మూడు రేకులు గది మూలలా ఒకదానికొకటి నిలువుగా అతికించాలి. అలాంటి మూలలో పడిన తరంగం ఏ వైపు నుంచి వస్తే ఆ వైపుకే తిరిగిపోతుంది. ఉపగ్రహం లెక్క సరిచూసుకోవడానికి ఇస్రోవాళ్ళు అహ్మదాబాద్ దగ్గర పాతినవి ఇలాంటివే. ఒక్కో అంచు మనిషెత్తు ఉంటే జానెడు తరంగానికి బాగా మెరుస్తుంది, కదలకుండా గట్టిగా బిగించాలి, వాన నీళ్ళు నిలవకుండా కింద చిన్న కన్నం పెట్టాలి. వాడు ఆ సాయంత్రమే టేపు తెచ్చి డాబా కొలిచాడు. ఈశాన్యం మూల చోటు సరిపోతుందని తేల్చాడు. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. అది ఒడియాలు పెట్టుకునే చోటట.